నడుస్తున్నప్పుడు ఆ తెర ఆరిపోవాలి

ఫోన్ కెమెరాను పాత గోడ వైపు తిప్పితే కూలిపోయిన దర్బారు తెరమీద లేచి నిలబడుతుంది. ముచ్చటైన విద్యే, కాదనం. కానీ ఇలా అసలు దృశ్యం మీద బొమ్మలు చూపించే ఆగ్మెంటెడ్ రియాలిటీ గైడ్‌లను తయారుచేసేవాళ్లు, వాటిని పట్టుకుని తిరిగేవాళ్లు ఇప్పుడే మేలుకోవాలి. చూపు తెరలో ఉంటే కాలు ఎక్కడ పడుతుందో తెలియదు.

2016 జులైలో పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చిన కొద్ది రోజులకే కాలిఫోర్నియాలోని ఎన్సినీటస్‌లో ఇద్దరు యువకులు ఆ ఆటలో పడి సముద్రతీరపు కొండచరియ మీంచి కింద పడ్డారు. ఆటలోని బొమ్మల వెంటపడి, 1992–95 యుద్ధంనాటి మందుపాతరలున్న చోట్లకు వెళ్లొద్దని బోస్నియాలో హెచ్చరించాల్సి వచ్చింది. ఆగస్టులో జపాన్‌లోని తొకుషిమలో ఆడుతూ బండి నడిపిన డ్రైవరు ఢీకొట్టి ఒక వృద్ధురాలి ప్రాణం తీశాడు. వేగంగా కదులుతుంటే ‘నేను ప్రయాణికుణ్ణి’ అని నొక్కించే బటన్ ఆ ఆటలో పెట్టారు. అబద్ధమాడటానికి ఒక వేలు చాలు!

గైడ్‌ల విషయంలో గోల్కొండ కోటనే తీసుకోండి. కొండమీది బాలాహిస్సార్‌కు ఎక్కే రాతి మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. తెరమీది బాణం మాత్రం నున్నటి రోడ్డు మీద పోతున్నట్టు తేలుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు తెర కనిపించక ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంటాం, కాళ్ల ముందున్నది ఇంకా మరుగవుతుంది. ఆరుబయట కూడా జీపీఎస్ 5 మీటర్లు అటూఇటూ కావడం మామూలే. దగ్గర్లో ఇనుప కమ్మీలుంటే దిక్సూచీ తప్పుతుంది. అంచు పక్కన నిలబడ్డవాడికి ఆ అయిదు మీటర్లే ప్రాణాంతకం.

అందుకే డిజైనర్లకు మా డిమాండ్ ఒక్కటే: మనిషి నడుస్తున్నంతసేపూ బొమ్మ కనిపించకూడదు. దారి చెప్పడానికి మాట, వైబ్రేషన్ చాలు. అతను ఆగాకే కెమెరా తెరుచుకోవాలి. మెట్ల మీద, అంచుల దగ్గర, రోడ్డుకు అడ్డంగా యాప్‌లో ఏ గుర్తూ పెట్టకూడదు. మొదట్లో ఒకసారి ‘జాగ్రత్త’ అని చూపించి ‘సరే’ నొక్కించుకోవడం కంపెనీ తన నెత్తిమీది బాధ్యత దులుపుకోవడమే. యాప్ చూపే దారిని జనం రద్దీలో ఒకసారి స్వయంగా నడిచి చూడందే పర్యాటక శాఖలు ఇలాంటి యాప్‌కు అనుమతి ఇవ్వకూడదు.

ఈలోగా మీరు చేయాల్సింది: ఆగండి, చూడండి, ఫోన్ జేబులో పెట్టి నడవండి. పిల్లల చేతికి ఫోన్ ఇస్తే వాళ్ల రెండో చెయ్యి మీరు పట్టుకోండి. ప్రమాదకరమైన చోట గుర్తు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి అక్కడి సిబ్బందికి చూపించండి, యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టండి.