పన్ను పీకుడే వైద్యమా?

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నారు పెద్దలు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ సామెతను తిరగేసి చెప్పుకోవాలి. ఊరి నీళ్ళు మంచివి కానందువల్లే తరతరాలుగా మన నోళ్ళు చెడిపోయాయి.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్నో బోర్లలో అంతకు మించే ఉండేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడింది. జిల్లాకు పేరొచ్చింది కానీ జనానికి మంచినీళ్ళు రాలేదు. శివన్నగూడెం బిడ్డ అంశాల స్వామి వంకర తిరిగిన ఎముకలతోనే 2023 జనవరిలో కన్నుమూసేదాకా ఈ నీళ్ళ గురించి కొట్లాడాడు. మిషన్ భగీరథ 2016లో ప్రారంభమై కృష్ణా నీళ్ళు ఊర్లకు చేరాయి. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం ప్రకటించింది. సంతోషమే. కానీ నీళ్ళు మారినంత మాత్రాన వచ్చిన పళ్ళు మారతాయా?

ఇక్కడ రెండు జబ్బులను విడదీసి చూడాలి. ఒకటి గార. పుట్టినప్పటి నుండి దాదాపు ఎనిమిదేళ్ళ వరకు శాశ్వత దంతాల ఎనామిల్ పొర లోలోపల తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు. రెండోది పుచ్చు. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మార్చి పంటిని తొలుస్తాయి. గార ఉన్నచోటే ఉంటుంది, పుచ్చు మాత్రం రోజురోజుకూ లోతుకు దిగుతుంది. మనమేమో "మా నీళ్ళే అంత" అని పుచ్చును కూడా గార ఖాతాలో వేసి ఊరుకుంటున్నాం.

హాస్టల్లో పంటినొప్పి వస్తే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. మొదట లవంగం, తర్వాత నొప్పి మాత్ర, చివరికి దసరా సెలవుల్లో పీకించుకోవడం. ఆరేళ్ళకు మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. అది పాలపళ్ళ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి దాన్ని కూడా పాలపన్నే అనుకుంటాం. పీకితే మళ్ళీ వస్తుందని ధైర్యంగా ఉంటాం. రాదు.

నిజానికి పుచ్చు చిన్నగా ఉన్నప్పుడు ఒక్క పూట పని. పాడైన భాగాన్ని చేతి పనిముట్లతో గీకి, గ్లాస్ అయనోమర్ సిమెంట్ నింపితే పన్ను నిలుస్తుంది. కరెంటు లేని పల్లెల కోసం 1980లలో ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలైన పద్ధతి ఇది. టాంజానియా పల్లెలో సాధ్యమైనది మన హాస్టల్ వరండాలో ఎందుకు సాధ్యం కాదు? పుచ్చు నరం దాకా పోయినా నరానికి చికిత్స చేసి స్టీలు తొడుగు వేస్తారు. పాలపన్నునైనా కాపాడుకోవాల్సిందే. అది ముందుగా పోతే పక్కపళ్ళు ఆ జాగాలోకి ఒరిగి, వచ్చే పన్ను వంకరగా వస్తుంది. గార మచ్చలకు కూడా పైపొరను నునుపు చేయడం, కాంపోజిట్ పూత వేయడం వంటి మార్గాలున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే చెల్లెలికి అది సోకు కాదు, ఆత్మగౌరవం.

"తిండికే తిప్పలైతే పళ్ళకు సిమెంటా?" అని కొందరంటారు. ఆ తిండి నమిలేది దేనితో? రాత్రంతా దవడ పట్టుకుని కూర్చున్న పిల్లవాడికి తెల్లవారి లెక్కల పరీక్షలో ఏం గుర్తుంటుంది? బొంబాయికో పుణెకో వలసపోయిన పాలమూరు తల్లిదండ్రులు వచ్చి దవాఖానకు తీసుకుపోతారా? హాస్టల్ పిల్లలకు అమ్మా నాన్నా హాస్టలే కావాలి.

2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడిపిల్లల ఆరోగ్యాన్ని పరీక్షిస్తున్నారు. దంత సమస్యలూ అందులో ఉన్నాయి. కానీ "పిప్పిపన్ను" అని కాగితం మీద రాస్తే పన్ను బాగుపడదు. పరీక్ష ఫిల్లింగ్‌తో ముగియాలి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంతవైద్య కళాశాలలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. జూన్‌లో హాస్టల్ తెరవగానే వార్డెన్ గారు పిల్లల జాబితా తయారుచేసి, ఒక తేదీ తీసుకుని, వెంట ఒక మనిషిని ఇచ్చి పంపాలి. బస్సు కిరాయి పూర్వ విద్యార్థులం భరిద్దాం. వార్షికోత్సవానికి దండలు, శాలువాలు కొనే డబ్బులో కొంత చాలదా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రాత్రి పడుకునే ముందు కూడా పళ్ళు తోముకోండి. కాస్మెటిక్ ఛార్జీల్లో పేస్టు, బ్రష్షు మీ హక్కు, అడిగి తీసుకోండి. పన్ను మీద చిన్న నల్లచుక్క కనబడితే నొప్పి వచ్చేదాకా ఆగకండి. మంచినీళ్ళ కోసం మన పెద్దలు ఏళ్ళ తరబడి కొట్లాడారు. మంచి పళ్ళ కోసం మనం నోరు తెరిచి అడగడమే మిగిలింది. అడుగుదాం!