మెడ మెలితిరిగితే దయ్యమేనా?



ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఒక యౌవనస్థుని నలుగురు పట్టుకొని తెచ్చారు. మెడ ఒక ప్రక్కకు మెలితిరిగింది, కళ్ళు పైకి నిలిచిపోయాయి, నాలుక బయటికి వచ్చింది. మాట రాలేదు గాని తెలివి ఉంది, కన్నీళ్ళు కారుతున్నాయి. అపవిత్రాత్మ పట్టిందని కొందరు కేకలు వేశారు. మేమూ మోకరించాము. ‘‘మందులేమైనా వాడుతున్నాడా అమ్మా?’’ అని వాళ్ళ తల్లిని అడగడానికి మాకు అరగంట పట్టింది. మతిస్థిమితం తప్పిందని మూడు రోజుల క్రితం హాలోపెరిడాల్ బిళ్ళలు మొదలుపెట్టారట. ఆస్పత్రిలో ప్రోమెథజీన్ సూది వేసిన కొంతసేపటికే మెడ సర్దుకుంది. ఆ అరగంట తలచుకొంటే ఇప్పటికీ మాకు సిగ్గుగానే ఉంటుంది.

మెదడులో డోపమిన్ అనే పదార్థం కదలికలను అదుపులో ఉంచుతుంది. హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజీన్ వంటి మందులు దాని పనిని అడ్డగిస్తాయి. మనస్సు నెమ్మదించేది అందువలననే, కండరాలు బిగుసుకొనేదీ అందువలననే. మెడ తిరగడం ఎక్కువగా మొదటి కొద్ది రోజుల్లోనే, అదీ చిన్న వయస్సు వారిలోనే కనబడుతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ వలన కూడా ఇట్లే జరుగుతుంది. కాబట్టి వాంతుల మందు వేసిన పిల్లవానికి మెడ తిరిగితే, ఆ మందూ చీటీ చేతపట్టుకొని వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. గొంతు బిగిసి ఊపిరాడకపోతే ప్రాణాపాయం.

మరికొందరికి కాళ్ళు ఒకచోట నిలువవు. ఆరాధనలో పది నిమిషాలు కూర్చోలేక లేచి తిరుగుతారు. భక్తి లేదని వారిని గద్దించేవారిని మేము చూచాము! నెలలు, సంవత్సరాలు వాడినవారిలో కొందరు ఊరకనే నోరు నములుతూ, నాలుక ఆడిస్తూ ఉంటారు. ఇది ముదిరితే మందు మానినా పోకపోవచ్చు గనుక మొదట్లోనే డాక్టరుగారికి చెప్పాలి.

ఆ తల్లి ఇంటికి వెళ్ళగానే బిళ్ళలన్నీ కాలువలో పారవేస్తానన్నది. వద్దని బ్రతిమాలుకొన్నాము. చెప్పకుండా మానితే అసలు జబ్బు తిరగబెడుతుంది. డాక్టరుగారు మోతాదు తగ్గించి, బిగువుకు ట్రైహెక్సీఫెనిడిల్ బిళ్ళ కలిపారు. ఆ కుర్రవాడు ఇప్పుడు పొలం పనికి వెళుతున్నాడు, శుక్రవారం ప్రార్థనకూ వస్తున్నాడు.

రోగుల కొరకు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవారిని ఇప్పుడు మేము బైబిలుతోపాటు మందుల చీటీ కూడా తెమ్మంటున్నాము.