రాతి మీద దీపవృక్షము

గత సంచికలో అప్పీయా మార్గమును గూర్చి వ్రాశాము. చెరపట్టబడిన పౌలును ఎదుర్కొనుటకు సహోదరులు అప్పీయా సంతపేట వరకు, త్రిసత్రముల వరకు నడిచి వచ్చిన దారి అది. ఈ నెల రోమా నగరము నడిబొడ్డుకు, ఫోరము అనే పాత రచ్చబండకు మిమ్మల్ని తీసుకొని వెళ్తాము. అక్కడ చూడవలసినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్క దాని దగ్గర ఐదు నిమిషాలు నిలబడినా పూట గడిచిపోతుంది. మేము మాత్రం ఒక్క కట్టడము దగ్గరనే ఎక్కువ సేపు ఆగిపోయాము. అది తీతు తోరణము.

ఆ పేరు వినగానే మా బృందములోని ఒక పెద్దమ్మగారు, "అయ్యగారూ, పౌలు గారు ఉత్తరం రాసిన మన తీతేనా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. పేరు ఒకటే గాని మనిషి వేరు. పత్రిక అందుకున్న తీతు క్రేతు ద్వీపములో సంఘములను చక్కబెట్టిన సేవకుడు. ఈ తీతు వెస్పాసియను చక్రవర్తి పెద్ద కుమారుడు. క్రీ.శ. 70లో యెరూషలేమును ముట్టడించి, దేవాలయమును తగులబెట్టిన సైన్యమునకు అధిపతి. 79లో తానే చక్రవర్తి అయి, రెండేళ్లు ఏలి, 81లో చనిపోయాడు. తరువాత సింహాసనమెక్కిన తమ్ముడు దొమీషియను అన్న పేరిట ఈ తోరణము కట్టించాడు. యోహాను పత్మాసు ద్వీపవాసము ఈ దొమీషియను కాలములోనే జరిగిందని సంఘ సంప్రదాయము చెబుతుంది. పౌలు ఈ తోరణమును చూడలేదు. ఆయన రోమాకు వచ్చి ఇరవై ఏళ్లు గడిచిన తరువాత గాని ఇది లేవలేదు.

కొలోసియము, ఫోరము, ప్రక్కనున్న పాలటైను కొండ మూడింటికీ కలిపి ఒకటే టికెట్టు. కొలోసియము వైపు నుండి వెళ్తే దారి కొంచెము మెరక ఎక్కుతుంది. దానిని పవిత్ర మార్గము అంటారు. పెద్ద పెద్ద నల్లరాళ్లు పరచిన దారి, అరిగి నునుపెక్కి, ఎగుడుదిగుడుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న వారు చేతికర్ర లేకుండా వెళ్లవద్దని మా సలహా. ఆ మెరక పైన తోరణము నిలబడి ఉన్నది. ఎత్తు సుమారు 50 అడుగులు, అంటే బాగా ఎదిగిన కొబ్బరిచెట్టంత. ఒకే ఒక్క ద్వారము. దిగువన కొలోసియము ప్రక్కనున్న కొన్‌స్టంటైను తోరణము దీనికంటె పెద్దది, మూడు ద్వారములది. ఫోటోలు తీసుకునేవారు దాని దగ్గరే గుమిగూడుతారు.

తీతు తోరణము ఈ రోజున మనకు కనిపిస్తున్నదంటే దానికి ఒక కథ ఉన్నది. మధ్యయుగాలలో ఒక ప్రభువుల కుటుంబము దీనిని తమ కోట గోడలో కలిపేసుకున్నది. 1820ల ఆరంభములో వలాదియే అనే శిల్పి ఆ గోడలను తీయించి, రాళ్లు ఊడదీసి, తిరిగి నిలబెట్టాడు. పోయిన భాగాలను వేరే రకపు రాయితో, నగిషీలు లేకుండా నింపాడు. పాతది ఏదో కొత్తది ఏదో చదువురాని వారికి కూడా తెలిసిపోతుంది. మన ప్రాంతములో మిషనరీల నాటి చర్చిలను బాగుచేసే కమిటీ పెద్దలు ఒకసారి దీనిని చూస్తే బాగుండును అనిపించింది. నూరేళ్ల సున్నపు గోడ మీద బాత్‌రూము టైల్సు అంటించి మురిసిపోవడము మనకు అలవాటైపోయింది.

పై భాగములో లాటిను అక్షరాలు ఉన్నాయి. రోమా సెనేటు, ప్రజలు కలిసి, దేవుడైన వెస్పాసియను కుమారుడగు దేవుడైన తీతుకు దీనిని సమర్పించారని వాటి భావము. తండ్రీ దేవుడే, కొడుకూ దేవుడే! తోరణము క్రింద నిలబడి తల పైకెత్తితే కమాను మధ్యలో తీతును ఒక గ్రద్ద ఆకాశమునకు మోసుకొనిపోతున్నట్లు చెక్కారు. వెస్పాసియను మాత్రము చావు పడక మీద, తాను దేవుడినైపోతున్నట్లున్నానని నవ్వులాట ఆడాడని చరిత్రకారుడు సూటోనియసు వ్రాశాడు. ఆ ముసలాయనకు లోకము తెలుసు.

ఇక లోపలి గోడలు. ఉత్తరపు ప్రక్క తీతు నాలుగు గుర్రాల రథముపై వస్తుంటాడు, రెక్కల విజయదేవత ఆయన తలపై కిరీటము పెడుతుంటుంది. దక్షిణపు ప్రక్క మన బైబిలు చదివేవారికి ఒక్కసారిగా గుండె ఆగేటట్లున్న దృశ్యము. మనుషులు భుజాల మీద మోకులు మోస్తూ కుడి వైపు ద్వారములోనికి నడుస్తున్నారు. ఆ మోతల మీద ఏడు కొమ్మల దీపవృక్షము ఉన్నది. నిర్గమకాండము 25వ అధ్యాయములో మోషేకు కొండ మీద చూపబడిన మాదిరి ప్రకారము మేలిమి బంగారుతో నకిషి పనిగా చేయించిన దీపవృక్షము వంటిదే. దాని ముందు సన్నిధి రొట్టెల బల్ల. ఆ బల్లకు ఆనించి, సంఖ్యాకాండము 10వ అధ్యాయములో చెప్పబడినటువంటి రెండు బూరలు. మోసేవారి ముఖాలు చాలావరకు అరిగిపోయాయి, గాని దీపవృక్షము కొమ్మలు లెక్కపెట్టవచ్చును. ఇప్పుడు రాయి తెల్లగా ఉన్నా, 2012లో నిపుణులు పరికరాలతో పరీక్షించినప్పుడు దీపవృక్షము మీద పసుపు రంగు ఆనవాళ్లు దొరికాయి. అంటే కట్టిన రోజుల్లో అది బంగారములాగానే మెరిసి ఉంటుంది. దాని పీఠము మీద చెక్కిన వింత జంతువులు యెరూషలేములోని అసలు పీఠము మీద ఉండేవా, లేక రోమా శిల్పుల కల్పనా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ ఊరేగింపు క్రీ.శ. 71లో జరిగినది. దానిని జోసీఫస్ వివరముగా వ్రాశాడు. ఆయన యూదుడు. మొదట రోమాకు ఎదురు తిరిగిన సైన్యాధిపతి, తరువాత పట్టుబడి చక్రవర్తి పోషణలో బ్రతికినవాడు. కాబట్టి రోమా వారి మీద ఆయన మొగ్గును గమనిస్తూ చదవాలి. ఆయన లెక్క ప్రకారము ఆ యుద్ధములో చెరపట్టబడినవారు 97,000 మంది. పదిహేడేళ్ల లోపు పిల్లలను అమ్మివేశారు. పెద్దవారిలో చాలామందిని ఐగుప్తు పనులకు, అనేకులను ఊరూరి క్రీడాస్థలాలలో మృగముల వాతబడుటకు పంపారు. పొడుగూ అందమూ గల 700 మంది యౌవనస్థులను మాత్రము ఈ ఊరేగింపు కొరకు ప్రక్కన పెట్టారు. దోపుడు సొమ్ములో అన్నిటికంటె చివర మోసుకొని వచ్చినది ధర్మశాస్త్ర గ్రంథము. కొలోసియము కూడా యుద్ధపు దోపుడు సొమ్ముతోనే కట్టబడిందని, అక్కడి ఒక రాతి మీద ఊడిపోయిన ఇత్తడి అక్షరాల మేకు గుంటలను బట్టి 1995లో ఒక పండితుడు చదివి తేల్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. యెరూషలేము పతనమును గూర్చి ప్రసంగించేటప్పుడు మన దైవజనులలో కొందరి స్వరములో ఒక హుషారు వినిపిస్తుంది. ప్రవచనము నెరవేరినది, చూచారా ఏమైనదో, అంటారు. రాయి మీద రాయి నిలువదన్న మాట లూకా 21లో ఉన్నది, నిజమే. రెండు అధ్యాయాల ముందు 19లో ప్రభువు ఆ పట్టణమును చూచి ఏడ్చాడని కూడా ఉన్నది. ఏడ్చిన సంగతి విడిచిపెట్టి కూలిన సంగతి మాత్రమే చెబితే, మన ప్రసంగము ఈ దక్షిణపు గోడ మీది బొమ్మకు వ్యాఖ్యానమైపోతుంది. అమ్ముడుపోయిన ఆ పిల్లలు ఎవరి మీదా రాయి వేసినవారు కారు.

క్రైస్తవులు ఆ ఊరేగింపును చూచి నేర్చుకున్నదేమిటో కూడా రోమా వీధులే చెబుతాయి. క్రొత్త పోపు ఊరేగింపుగా ఈ దారిన వెళ్లే కాలములో, ఈ తోరణము దగ్గర అలంకరణ చేయవలసిన భారము నగరములోని యూదుల మీద పెట్టేవారు. తమ పితరుల చెరను చెక్కిన రాతికే తోరణాలు కట్టాలి! 1555 నుండి 1870 వరకు వారిని ఒక పేటలో గోడల మధ్య ఉంచారు. ఆ పేట ఇక్కడికి నడిచి వెళ్లగలిగినంత దూరములోనే ఉన్నది.

రోమాలోని యూదులు తరతరాలుగా ఈ తోరణము క్రింద నుండి నడవరాదని నియమము పెట్టుకున్నారు. ప్రక్కనుండి చుట్టు తిరిగి పోయేవారు. ఊరి నడివీధిలో చెప్పులు తొడుక్కొని నడవనివ్వని రోజులు మన సంఘములలోని పెద్దలు చాలామందికి తెలుసు. అక్కడ దారి మూసినది ఎదుటివారు. ఇక్కడ దారి తెరిచే ఉన్నా, వీరే కాలు పెట్టలేదు. మా బృందములోని రిటైరైన హెడ్మాస్టరుగారు ఇది విని, మాతో కూడ లోపలికి రాకుండా చుట్టు తిరిగి అవతలి ప్రక్కకు వచ్చారు. ఎవరూ ఆయనను ఏమీ అనలేదు.

1947 నవంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానము వెలువడిన తరువాత రోమా యూదులు ఈ తోరణము దగ్గరనే సమావేశమయ్యారు. 1949లో ఇశ్రాయేలు దేశము తన రాజచిహ్నముగా ఏర్పరచుకున్న దీపవృక్షము ఈ రాతి మీది బొమ్మను చూచి గీసినదే. గెలిచినవాడు తన గొప్ప కొరకు చెక్కించుకున్నది ఓడినవారికి గురుతుగా మిగిలింది.

తోరణము చుట్టూ గుళ్ల శిథిలాలే. ఆనుకొని హద్రియను చక్రవర్తి కట్టించిన వీనసు, రోమా దేవతల గుడి ఉన్నది. రోమాలో అంతకంటె పెద్ద గుడి లేదు. దాని అరుగే 145 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు. పైకప్పు ఇత్తడి పలకలను ఏడవ శతాబ్దములో హొనోరియసు అనే పోపు ఊడదీయించి పేతురు చర్చి మీద వేయించాడు. పవిత్ర మార్గము దిగుతుంటే కుడి ప్రక్కన అంటోనీనసు, ఆయన భార్య ఫాస్టీనాల గుడి వస్తుంది. పది స్తంభాలు, ఒక్కొక్కటి 17 మీటర్లు. చర్చిగా మార్చబడినందున కూలకుండా మిగిలింది. చర్చి తలుపు మాత్రము గాలిలో వ్రేలాడుతున్నట్లు ఎత్తున ఉంటుంది. చర్చి కట్టిననాటికి నేల అంత మెరకై, తరువాత తవ్వి దించారన్నమాట. ఈ ఫాస్టీనా ముఖముద్ర గల బంగారు నాణెమొకటి మన నాగార్జునకొండ తవ్వకాలలో దొరికింది. ఆమె గుడి ముందు నిలబడి ఆ సంగతి చెప్పినప్పుడు గుంటూరు జిల్లా వారు ఎంత సంతోషించారో! మిగిలినవి త్వరగా దాటాము. వెస్తా గుడి గోడలో ఒక ముక్క, కాస్టరు గుడివి మూడు స్తంభాలు, సాటర్ను గుడివి ఎనిమిది, వెస్పాసియను గుడివి మూడు.

దీపవృక్షము చేరిన గుడి మాత్రము దారి అవతల ఉన్నది. వెస్పాసియను దానిని 75లో ప్రతిష్ఠించాడు. దాని పేరు శాంతి మందిరము. యెరూషలేము బంగారు పాత్రలను అందులో పెట్టించి, ధర్మశాస్త్ర గ్రంథమును, ఊదారంగు తెరలను తన నగరులో ఉంచుకున్నాడని జోసీఫస్ వ్రాశాడు. 192లో ఆ మందిరము కాలిపోయింది. 455లో వాండలులు రోమాను దోచి సొమ్మును కార్తేజుకు పట్టుకుపోయారు. 534లో బెలిసారియసు అనే సేనాని కార్తేజు నుండి కాన్‌స్టాంటినోపులుకు తెచ్చిన కొల్లగొట్టిన సొమ్ములో యూదుల నిధులున్నాయని, ఒక యూదుని హెచ్చరిక మీద జస్టీనియను చక్రవర్తి వాటిని యెరూషలేములోని చర్చిలకు పంపివేశాడని ప్రొకోపియసు వ్రాశాడు. అంతటితో జాడ తెగిపోయింది. ఇప్పుడు శాంతి మందిరము స్థలములో సగము 1932లో ముస్సోలినీ వేయించిన రోడ్డు క్రింద ఉన్నది. పైన బస్సులు పోతుంటాయి.

మేము ఆ ఊరేగింపు వెళ్లిన దారినే చివరి వరకు, కపిటోలు కొండ పాదము వరకు నడిచాము. అక్కడ మామెర్టిను చెరసాల ఉన్నది. క్రింది గది పైకప్పులో ఒక గుండ్రని రంధ్రము. పూర్వము ఖైదీలను ఆ రంధ్రములో నుండే దించేవారట. పేతురు, పౌలు ఇక్కడ బంధింపబడ్డారని సంప్రదాయము, మా గైడు వారిని గూర్చి పది నిమిషాలు చెప్పాడు. సీమోను బార్ గియోరను గూర్చి మేమే అడిగాము. యెరూషలేమును చివరి వరకు కాపాడిన యూదుల నాయకులలో ఒకడు. ఊరేగింపు కపిటోలు కొండ మీద జూపిటరు గుడి ముందు ఆగిపోయింది. క్రింద సీమోను మెడకు త్రాడు వేసి, కొట్టుచు ఈడ్చుకొని పోయారు. అతడు చచ్చాడని కబురు పైకి వచ్చిన తరువాత జనులందరు కేకలు వేశారు. అప్పుడు బలులు ప్రారంభించారు. ఆ రోజు పట్టణమంతటా విందులు జరిగాయి.