పొరుగింటి గ్రంథకర్త

తెలంగాణమున తెలుఁగు కవులు లేరని యొకరు వ్రాయఁగా, సురవరము ప్రతాపరెడ్డిగారు వట్టి వాదమునకు దిగక, ఊరూరి కవుల రచనలను సేకరించి, 1934లో 354గురితో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. కవులు లేకపోలేదు, అడిగినవారే లేకపోయిరి.

నేఁడును మన పఠనమందిరములందు దూరదేశపు గ్రంథములను చర్చింతుము; పొరుగువీథి గ్రంథకర్త పేరెఱుఁగము. ఆయన సొంతసొమ్ముతో అచ్చొత్తించిన ప్రతులు అటకపైఁ జెదలపాలగుచున్నవి. పుస్తకములు కొన ధనము లేదందురా? మాటాడుటకు ధనమేల? మేము కోరునది యింతే: మాసమున కొక సాయంకాలము గోష్ఠి జరుపుఁడు. ప్రతివారును తమ ప్రాంతపు పుస్తకమొకటి తెచ్చి, నాలుగు పుటలు చదివి, గుణదోషములు రెండును జెప్పవలెను. మనవాఁడని మెచ్చుట అభిమానమే కాని విమర్శ కాదు. విన్న పేర్లను పట్టికలో వ్రాసియుంచుఁడు.

పరులు లేరనుటకు ముందే మనవారిని మనమే మఱచితిమి. దోషము మనది, దిద్దుకొనుటయు మనచేతిలోనిదే.