బట్టతలకి దొరికిన మందు, చెవి మీది కండకి దొరకదా?

మా మేనకోడలు సరదాగా చెవికి రెండో కుట్టు కుట్టించుకుంది. పుండు మానింది గానీ అక్కడ కండ పెరిగి శనగగింజంత అయ్యింది. దీన్నే కీలాయిడ్ అంటారు. కోయిస్తే ఏడాది తిరక్కుండా రేగుపండంత అయి కూర్చుంది. ఇప్పుడా పిల్ల జడ వేసుకోవడమే మానేసింది, చెవి కనపడుతుందని.

మొన్న మా చుట్టాల గ్రూపులో ఎవరో పెట్టారు, బీపీ మాత్ర నూరి రాస్తే కరిగిపోతుందని. చెత్త ఫార్వర్డు అని కొట్టిపారేశాను. తర్వాత చదివితే తెలిసింది, అది మొత్తం చెత్త కాదని!

గాయం మానేటప్పుడు ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొలాజెన్ తయారుచేస్తాయి. పనయ్యాక ఆగాలి. కీలాయిడ్‌లో ఆగవు. మన భాషలో చెప్పాలంటే, బ్రేక్ లేని లూప్ అన్నమాట. బీపీ పెంచే యాంజియోటెన్సిన్-2 ఈ కణాల్ని కూడా ఎగదోస్తుంది. లోసార్టాన్ దానికి అడ్డుపడుతుంది. వెరపామిల్ కణంలోకి కాల్షియం పోకుండా ఆపి కొలాజెన్ తగ్గిస్తుంది.

మరి పనిచేస్తాయా? వేలూరు సి.ఎం.సి. డాక్టర్లు 2008లో వెరపామిల్‌ని మచ్చలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి, మామూలుగా వాడే స్టెరాయిడ్‌తో పోల్చారు. రెండూ పనిచేశాయి, స్టెరాయిడ్ కాస్త త్వరగా. 2016లో వచ్చిన ఇంకో పరీక్షలో, కోసిన కండ మళ్ళీ రాకుండా ఆపడంలో వెరపామిల్ స్టెరాయిడ్ ముందు ఓడిపోయింది. లోసార్టాన్ పూతమందు మీద 2018లో ఒక పరీక్ష ఆశ చూపించింది. అన్నీ చిన్నవే. తేల్చి చెప్పే పెద్ద పరీక్ష ఏదీ?

నన్నడిగితే, అసలు సమస్య డబ్బు. ఈ మందుల పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి. కొన్ని రూపాయల మాత్ర మీద కోట్లు ఖర్చుపెట్టే కంపెనీ ఎక్కడుంది? మినాక్సిడిల్‌ని చూడండి. 1979లో అమెరికాలో బీపీ మాత్రగా అనుమతి పొందింది. వాడినవాళ్ళకి జుట్టు మొలిచింది. 1988 కల్లా బట్టతల మందైపోయింది. మన ఆఫీసుల్లో ఎంతమంది రాసుకుంటున్నారో నేను చెప్పక్కర్లేదు! బట్టతల వెనక డబ్బుంది. కీలాయిడ్ ఎక్కువగా వచ్చేది నల్లటి చర్మానికి.

మాత్రలు మనం తయారుచేస్తాం. మచ్చలు మనకొస్తాయి. పరీక్ష మాత్రం ఇంకెవరో చెయ్యాలా? ప్రభుత్వ సొమ్ముతో ఐ.సి.ఎం.ఆర్. చేయించాల్సిన పని ఇది.

అందాకా మాత్రలు నూరి రాయకండి బాబూ. మింగే మాత్ర చర్మానికి పూసే మందు కాదు. లోసార్టాన్ అయితే గర్భిణులకి ప్రమాదం కూడా. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా ఇలా కండ పెరిగే గుణం ఉంటే, పిల్లలకి ఆ రెండో కుట్టు వద్దని చెప్పండి.

మేం చెప్పలేకపోయాం. మాకు తెలీదు.