మారిషస్ సభలో ఆ నాలుగు గళ్ళు





మారిషస్ ద్వీపంలో ఎన్నికల విధానాన్ని మార్చాలన్న చర్చ ఏళ్ళ తరబడి నలుగుతున్నది. పన్నెండు లక్షల పైచిలుకు జనం గల ఆ దూరదేశం గొడవ మనకెందుకని కొందరు అడగవచ్చు. మా యానానికి చేరువనే ఉన్న కోరంగి రేవులో గత శతాబ్దానికి ముందటి శతాబ్దంలో మనవారు ఓడలెక్కి, ఆ ద్వీపంలో చెరకు తోటల కూలికి పోయారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. కనుక ఈ సంగతి మన పాఠకులు కొంచెం ఓపిగ్గా వినతగినదని మనవి.

విషయం టూకీగా ఇది. ఆ దేశపు జాతీయ శాసనసభకు ప్రజలు 62 మందిని ఎన్నుకుంటారు. పెద్ద ద్వీపంలో 20 నియోజకవర్గాలు. ఒక్కొక్కదానికి ముగ్గురు చొప్పున 60 మంది. రోడ్రిగ్స్ ద్వీపానికి ఇద్దరు. వీరు గాక, ఓడిన అభ్యర్థులలో మెరుగైన ఓట్లు తెచ్చుకున్నవారి నుండి ఎనిమిది మందికి మించకుండా సభలోకి తీసుకుంటారు. ఏ వర్గానికి సభలో తగినంత చోటు దొరకలేదో చూసి మొదటి నాలుగు స్థానాలు ఇస్తారు. తక్కినవి పక్షాల బలాబలాలు తారుమారు కాకుండా సర్దుతారు. ఇందుకోసం ప్రతి అభ్యర్థీ నామినేషను పత్రంలోనే తన వర్గం రాయాలి. రాజ్యాంగం పేర్కొన్న వర్గాలు నాలుగే: హిందువులు, ముస్లిములు, చీనా సంతతివారు, ఈ మూడింటిలో చేరనివారందరినీ కలిపి ‘సాధారణ జనాభా’.

ఈ ఏర్పాటు చేసినవారిని తప్పు పట్టలేము. 1967 ఎన్నికలలో నూటికి నలభై మందికి పైగా స్వాతంత్ర్యాన్ని కోరిన కూటమికి ఎదురుగా ఓటు వేశారు. పెద్ద వర్గం చేతిలో తాము నలిగిపోతామని చిన్న వర్గాలు భయపడ్డాయి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు కొద్ది వారాల ముందే మత కలహాలు చెలరేగి బ్రిటిషు సైన్యం దిగవలసి వచ్చింది. అట్టి సమయంలో ‘సభలో మీకూ చోటుంటుంది’ అన్న హామీ ఆ భయాన్ని కొంత తీర్చింది. అది ఉత్త మాట కాదు.

కాని ఆనాటి మందును ఈనాటికీ అదే మోతాదులో ఇస్తున్నారు. 1982లో చట్టం మార్చి, జనాభా లెక్కలలో వర్గాన్ని అడగడం మానేశారు. మంచిదే. అయితే స్థానాల పంపకానికి మాత్రం 1972 నాటి లెక్కలనే నేటికీ వాడుతున్నారు. ఆ లెక్కలు తీసిననాడు పుట్టనివారే నేడు ఓటర్లలో ఎక్కువమంది ఉంటారు. వర్గం రాయబోమన్న అభ్యర్థుల పత్రాలను 2010లో తిరస్కరించారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం 2012లో దీనిని తప్పు పట్టింది. 2014లో వర్గం రాయకపోయినా ఫరవాలేదని చట్టం చేశారు గాని, అది ఆ ఒక్క ఎన్నికకే చెల్లింది. పైగా రాయనివారికి ఈ స్థానాలు దక్కవన్నారు. 2018లో మరొక బిల్లు వచ్చి, రాజ్యాంగ సవరణకు కావలసిన నాలుగింట మూడు వంతుల బలం చాలక నిలిచిపోయింది.

ప్రభుత్వ కచేరీలో గళ్ళు పూరించి జీతం తీసుకున్నవాణ్ణి నేను. గడిలో పట్టని మనిషి ఎదుటికి వస్తే గుమాస్తా గడిని మార్చడు, మనిషినే అందులో ఇరికిస్తాడు. తండ్రి ఒక వర్గం, తల్లి ఒక వర్గం అయిన బిడ్డ ఏ గడిలో రాయాలి? నేను ఈ దేశపు పౌరుణ్ణి, అంతకు మించి చెప్పను అన్నవాడు ఏం నేరం చేశాడని అతని పత్రం కొట్టివేయాలి?

ఈ మాట నేనంటే మా ఊరి గ్రంథాలయంలో పత్రికలు చదివే పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. ‘ఆ స్థానాలు తీసివేస్తే అక్కడి మనవాళ్ళకు సభలో చోటు పోదా?’ అని వారి బాధ. వారి అభిమానం మెచ్చదగినదే కాని, ఆధారం లేనిది. ఆ నాలుగు గళ్ళలో తెలుగు అన్న గడి లేనే లేదు. తెలుగువారు, తమిళులు, మరాఠీలు అందరూ హిందువుల గడిలోనే లెక్క. మన భాష పేర ఆ చట్టం ఒక్క స్థానమూ ఇవ్వలేదు. ఇవ్వనిదానిని పోగొట్టుకోవడం ఎట్లా?

ఇక రెండవ వైపు కూడా చూడాలి. ఆ స్థానాలను ఉన్నపళాన కొట్టివేయమనేవారితోనూ నేను ఏకీభవించలేను. 2024 నవంబరు ఎన్నికలలో ఒకే కూటమికి పెద్ద ద్వీపంలోని 60 స్థానాలూ దక్కాయి. దానికి వచ్చిన ఓట్లు నూటికి రమారమి 62. ఓడిన కూటమికి నూటికి పాతికకు పైగా ఓట్లు వచ్చినా గెలిచిన స్థానం సున్న. ఆ కూటమి మనిషి సభలో కూర్చుని ప్రతిపక్ష నాయకుడు అనిపించుకున్నాడంటే అది ఈ ఓడినవారి స్థానాల పుణ్యమే. అవీ లేకుంటే ప్రభుత్వాన్ని నిలదీసి అడిగే నోరు ఎక్కడిది?

మా పుదుచ్చేరి శాసనసభలో 30 మంది ఎన్నికైనవారు. అందులో యానానికి ఒక్కడు. వీరిపైన ముగ్గురిని కేంద్ర ప్రభుత్వం నియమించవచ్చు. 2017లో జరిగిన అట్టి నియామకాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఆ ముగ్గురూ ఏ ఊరి ఓటరు గుమ్మమూ ఎక్కనక్కరలేదు. మారిషస్‌లో ఓడి సభకు వచ్చినవాడు అట్లా కాదు. ఎండలో తిరిగి ఓటు అడిగి, కొంతమంది చేత అవుననిపించుకుని వచ్చినవాడు. ఒక్క సభ్యుడి మీద ఆధారపడిన ఊరివాడిని గనుక ఆ తేడా నాకు తెలుసు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వర్గం రాయమనే గడి పోవాలి. చిన్నవారికి చోటు మాత్రం ఉండాలి. ఆ చోటు పుట్టుకను బట్టి గాక, ఓట్లను బట్టి దక్కాలి. పక్షాలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిని అనుసరించి మరి 30 స్థానాలు చేర్చాలని ఆల్బీ సాక్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2002లోనే సిఫారసు చేసింది. ముప్పై కాకపోతే ఇరవై కావచ్చు. అప్పుడు నూటికి పాతిక ఓట్లు వచ్చినవాడు సున్నతో ఇంటికి పోడు. పక్షాలు కూడా తమ జాబితాలో అన్ని రకాల జనానికీ చోటు ఇవ్వకపోతే తమకే ఓట్లు తగ్గుతాయని తెలుసుకుంటాయి.

2018లో బలం చాలలేదన్నారు. 2024 ఎన్నికలు గెలిచినవారికి కావలసిన దానికంటే ఎక్కువ బలమిచ్చాయి. సభ్యులు 70 మంది అనుకున్నా 60 అంటే నాలుగింట మూడు వంతులు దాటిపోతుంది. ఆ సాకు తీరింది. కాని నన్ను భయపెట్టేదీ అదే. అన్నీ గెలుచుకున్నవాడు ఏమీ గెలవనివాడి వాటాను ఎంతవరకు న్యాయంగా రాయగలడు?

దానికి ఆ దేశ చరిత్రలోనే పాఠమున్నది. 1982లోనూ ఒక కూటమి అరవైకి అరవై గెలిచింది. ఏడాది తిరగకముందే చీలింది. 1983లో మళ్ళీ ఎన్నికలు. 1995లో మరొక కూటమికి మళ్ళీ అరవై. 1997లో అదీ చీలింది, అందులోని కార్మిక పక్షం 2000లో ఓడి ప్రతిపక్షంలో కూర్చున్నది. ఈనాడు పల్లకీలో ఉన్నవాడు రేపు బోయీ కావచ్చునని ఆ సభ మూడుసార్లు చూసింది. అందుచేత చట్టం రాసేవారు తాము ఓడిన రోజును తలచుకుని రాయాలి. బిల్లును ముందుగా జనం ముందు పెట్టి, సభలో స్థానం లేని పక్షాల మాట కూడా విని, ఆ తరువాతే ఓటుకు పెట్టాలి.

కోరంగి నుండి ఓడ ఎక్కినవారిని నాడు దొరల కచేరీలో ఒక అంకె వేసి చిట్టాలో ఎక్కించారు. వారి మునిమనుమలు అభ్యర్థులై నిలబడినప్పుడైనా, గడిలో ఇమిడే అంకెగా గాక తమ పేరుతో నిలబడే రోజు రావాలని కోరుతూ,

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
యానాం.