లడ్డూ చుట్కీది... బలం భీమ్‌ది!

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని చెల్లెళ్ళు ఫోన్ చేసినప్పుడు "విద్య యొక్క ప్రాముఖ్యత" గురించి రాద్దామనుకున్నాం. పాత సంచికలు తిరగేస్తే ఆ పేరుతో ప్రతి ఏడాదీ ఒక వ్యాసం ఉంది. ఒక ఏడాదైతే రెండు ఉన్నాయి! అందుకని దాన్ని వదిలేసి మన హాస్టల్లో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన ఒకమ్మాయి గురించి రాస్తున్నాం. ఆ అమ్మాయి పేరు చుట్కీ. అవును, ఛోటా భీమ్‌లో చుట్కీయే. నవ్వకండి. పూర్తిగా చదివాక కావాలంటే అప్పుడు నవ్వుదురుగాని.

మేం హాస్టల్లో చేరిన కొత్తలో ఆదివారం టిఫినయ్యాక హాల్లో టీవీ పెట్టేవారు. అందరి ట్రంకు పెట్టెల మూతలకీ లోపలివైపు భీమ్ స్టిక్కర్ ఉండేది. టీవీ కట్టెయ్యగానే నీళ్ళ ట్యాంకు వెనక్కి పరుగెత్తేవాళ్ళం, భీమ్ ఆట ఆడుకోడానికి. పదకొండు మంది ఆడపిల్లలం. పదకొండు మందికీ భీమ్ వేషమే కావాలి. పంటలు వేసుకునేవాళ్ళం. ముందు పండినవాళ్ళు భీమ్, తర్వాత రాజు, తర్వాత జగ్గు కోతి. కాలియా వేషానికి కూడా పోటీయే, ఎందుకంటే కాలియా దెబ్బలు తిన్నా ముందు నాలుగు కొడతాడు కదా. ఎవరికీ అక్కర్లేకుండా ఆఖరికి మిగిలేది చుట్కీ. ఆడపిల్లల హాస్టల్లో, ఆడపిల్లలం ఆడుకునే ఆటలో, ఆడపిల్ల వేషం ఓడిపోయినవాళ్ళకి వేసే శిక్ష!

చుట్కీకి పనేం ఉంటుంది? ట్యాంకు గోడ దగ్గర కూర్చోవాలి. భీమ్ దెబ్బ తిని కిందపడినప్పుడు పరుగెత్తుకొచ్చి లడ్డూ ఇవ్వాలి. లడ్డూ అంటే బడి పక్క కొట్లో రూపాయి వేరుశనగ ఉండ. భీమ్ అది తిని లేచి అందర్నీ చితక్కొడుతుంది. చుట్కీ చప్పట్లు కొడుతుంది. ఆట అయిపోయింది.

మాలో ఒకమ్మాయి బాగా బక్కగా ఉండేది. పేరు రాయం. పంటల్లో పండినా పండకపోయినా చుట్కీ ఆమే. ఒక ఆదివారం భీమ్ కిందపడి "లడ్డూ, లడ్డూ" అని ఎంత అరిచినా ఈ పిల్ల రాలేదు. వెళ్ళి చూస్తే గోడ మీద కూర్చుని ఉండ సగానికి పైగా తినేసింది. మిగతాది కూడా మా ఎదురుగానే నోట్లో వేసుకుని, "నాకు బలమొచ్చేసింది, ఇప్పుడు నేను కొడతాను" అని లేచింది. ఇంకేముంది, పెద్ద గొడవ. "చుట్కీ తింటే బలం రాదే! టీవీలో చూళ్ళేదా?" అని మేం, "తిన్నోళ్ళకి రాకపోతే ఎవరికొస్తాది?" అని ఆమె. ఆ గోలకి వంటగదిలోంచి కామాటి మామ్మ వచ్చింది.

"ఏటే ఆ గోల? ఆ లడ్డూలు సేసినాదెవులు?"

"చుట్కీ వాళ్ళమ్మ, మామ్మా."

"తెచ్చినాదెవులు?"

"చుట్కీ."

"మరి ఆ గుంట తింటే మీకేటొచ్చినాదే నొప్పి?"

మా దగ్గర సమాధానం లేదు. అయినా వచ్చే ఆదివారం ఆమెనే చుట్కీని చేశాం. పైగా ఉండని మా దగ్గరే పెట్టుకుని, సమయానికి ఆమె చేతిలో పెట్టాం, మళ్ళీ తినేస్తుందేమోనని. ఈ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

మామ్మ అడిగిన ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఛోటా భీమ్ ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో తయారైంది కాదు. మన హైదరాబాద్‌లో రాజీవ్ చిలక గారు 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ తీసింది. 2008లో పోగో ఛానల్లో మొదలైంది. టీవీతో ఆగలేదు. కామిక్ పుస్తకాలు, సంచులు, నీళ్ళ సీసాలు, సినిమాలు అన్నీ వచ్చాయి. మన తెలుగువాళ్ళు తీసింది దేశమంతా చూసిందంటే మాకు గర్వమే. అందుకే అడిగే చనువు కూడా ఉంది. ఢోలక్‌పూర్‌లో లడ్డూల దుకాణం టున్‌టున్ మౌసీది, అంటే చుట్కీ వాళ్ళ అమ్మది. లడ్డూ చేసేది ఒక ఆడమనిషి, అందించేది ఒక ఆడపిల్ల. ఇంటినిండా లడ్డూలున్న ఆ పిల్లకి కొండల్ని ఎత్తే బలం రాదు. దొరికినప్పుడు తినే భీమ్‌కి మాత్రం వస్తుంది. కథ రాసినవాళ్ళు చుట్కీకి ఏమీ ఇవ్వలేదని మేం అనం. తెలివి ఇచ్చారు, మంచితనం ఇచ్చారు, ధైర్యం కూడా ఇచ్చారు. వందల ఎపిసోడ్లలో ఎప్పుడైనా ఆమెదే పైచెయ్యి అయిన కథలూ ఉంటాయి. మేం చెప్పేది రోజూ కనిపించే సంగతి.

ఈ మాట అంటే బాయ్స్ హాస్టల్లో చదివిన అన్నయ్య ఒకాయన, "అదేంటమ్మా, రాజుకి మాత్రం బలం ఉందా? జగ్గుకి ఉందా? హీరో ఒక్కడే ఉంటాడు కదా" అన్నారు. మంచి ప్రశ్నే. కానీ అన్నయ్యా, ఆ రాజుకే తర్వాత 'మైటీ రాజు' అని విడిగా సీరియల్ వచ్చింది. నాలుగేళ్ళ రాజుకి అద్భుత శక్తులొచ్చాయి. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో భీమ్ పాకే పసివాడుగా మరో సీరియల్ వచ్చింది. మాటలు రాని ఆ పసివాడికి కూడా బలమే. మేం టీవీ ముందు పెరిగినన్నాళ్ళూ చుట్కీ లడ్డూల బుట్ట పట్టుకుని అక్కడే ఉంది.

చుట్కీకి న్యాయం కావాలని దేశం ఒకే ఒక్కసారి అడిగింది. అది 2020 జూన్. లాక్‌డౌన్ రోజులు. భీమ్ చుట్కీని వదిలేసి రాకుమారి ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని ఎవరో పుకారు పుట్టించారు. అంతే, 'జస్టిస్ ఫర్ చుట్కీ' అని ట్విట్టర్‌లో ఒకటే హోరు. చివరికి గ్రీన్ గోల్డ్ సంస్థే, వాళ్ళింకా చిన్నపిల్లలు, ఎవరి పెళ్ళీ జరగలేదు అని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. చాలామంది సరదాకే రాసి ఉంటారు, మేమూ చూసి నవ్వుకున్నాం. కానీ పన్నెండేళ్ళు లడ్డూలు మోసినప్పుడు ఎవరికీ గుర్తురాని అన్యాయం, పెళ్ళి తప్పిపోయిందనగానే గుర్తొచ్చింది చూశారా!

ఆ జూన్‌లోనే మా ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. ఆ నెలలోనే, మా నీళ్ళ ట్యాంకు చుట్కీకి నిజంగా పెళ్ళయింది. పద్దెనిమిది నిండలేదు. మాకంటే ఎక్కువ మార్కులు. లాక్‌డౌన్‌లో అయితే ఖర్చు తక్కువ, ఇరవై మందితో అయిపోతుందని పెద్దవాళ్ళు అనుకున్నారట. మాకు ఫోన్లో తెలిసింది. "అయ్యో" అనుకున్నాం. ఇంకేం చెయ్యలేదు. ఎవరికి చెప్పాలో కూడా మాకప్పుడు తెలీదు. 1098కి ఫోన్ చేస్తే చాలని హాస్టల్ గోడ మీద రాసే ఉండేది. రోజూ దాని ముందు నుంచే అన్నానికి వెళ్ళేవాళ్ళం.

కార్టూన్ చూడబట్టి పెళ్ళయిందని ఎవరూ అనరు, మేమూ అనం. పేదరికం ఉంది, భయం ఉంది, ఇంకో ఇద్దరు చెల్లెళ్ళున్నారు. కానీ ఆమె చదువు ఆపేస్తే మాలో ఎవరికీ అంత ఆశ్చర్యం అనిపించలేదు. అదే మమ్మల్ని ఇప్పుడు భయపెడుతోంది. చిన్నప్పటి నుంచీ ఆమె మా ఆటలో గోడ పక్కన కూర్చునే మనిషే కదా.

పీజీకి విశాఖపట్నం వెళ్ళాక లైబ్రరీలో అమెరికా కామిక్స్ గురించి పుస్తకాలు దొరికాయి. అక్కడా ఇదే వరస. వండర్ ఉమన్ 1941లో వచ్చింది. మగ హీరోలతో సమానంగా కొట్టగలదు. మరుసటి ఏడాది ఆమెని హీరోల సంఘంలో చేర్చుకున్నారు. ఏ హోదాలో అనుకున్నారు? సెక్రటరీ! 1968లో ఆమె శక్తులన్నీ తీసేసి బట్టల దుకాణం పెట్టించారు. మళ్ళీ ఇవ్వడానికి దాదాపు అయిదేళ్ళు పట్టింది. 1961లో 'ఫెంటాస్టిక్ ఫోర్' అని నలుగురు వచ్చారు. ఒకాయన సాగుతాడు, ఒకాయన మండుతాడు, ఒకాయన రాయిలా ఉంటాడు. నాలుగో ఆమె శక్తి ఏమిటంటే కనపడకుండా పోవడం! పేరు కూడా ఇన్విజిబుల్ గర్ల్. ఆ గర్ల్ ఉమన్ అవ్వడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. 1999లో గెయిల్ సిమోన్ అనే ఆమె, హీరోకి కోపం తెప్పించడానికి చంపేసిన, గాయపరిచిన, శక్తులు లాగేసిన ఆడ పాత్రలన్నిటినీ ఒక జాబితాగా రాసింది. చాలా పొడుగు జాబితా. దానికి ఫ్రిజ్ పేరు పెట్టింది, ఎందుకంటే 1994లో ఒక కథలో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెట్టారు.

ఇదంతా చదివాక మన సినిమాలు గుర్తు చేసుకుంటే కామిక్స్‌ని తిట్టడానికి నోరు రాలేదు. 'పాతాళభైరవి' (1951)లో రాకుమారి పేరు కూడా ఇందుమతే. మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, తోటరాముడు తెస్తాడు. సరే, పాత కథ. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో ఇంద్రజ సాక్షాత్తూ ఇంద్రుడి కూతురు. ఒక ఉంగరం పోగానే స్వర్గానికి వెళ్ళలేదు. దానికోసం హీరో వెనక తిరగాల్సిందే. దేవకన్య బలం కూడా మగవాడి వేలికి ఉంది. 'బాహుబలి' (2015)లో అవంతిక కత్తి పట్టిన యోధురాలు, దేవసేనని విడిపించే పని ఆమెది. హీరో ఒక పాటలో ఆమె వేషం తీసి అందంగా తయారుచేస్తాడు, తర్వాత ఆమె పని కూడా తనే తీసుకుంటాడు. రెండో భాగంలో (2017) అవంతిక ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ భాగంలో దేవసేన విల్లు పడితే మేం ఈలలు వేసిన మాట నిజమే, అది దాచం. 'ఆర్.ఆర్.ఆర్.' (2022)కి అయితే ఇక్కడ వేరే సంబరం. కృష్ణదేవిపేటలో సమాధి ఉన్న మన అల్లూరి పేరు కదా! అందులో సీత మశూచి అని అబద్ధం చెప్పి తెలివిగా భీమ్‌వాళ్ళని పోలీసుల నుంచి కాపాడుతుంది, రామ్ గురించి చెప్పి భీమ్ కళ్ళు తెరిపిస్తుంది, తర్వాత పక్కకి తప్పుకుంటుంది. ఇక 'హనుమాన్' (2024) మన తెలుగు సూపర్‌హీరో. తమ్ముణ్ణి పెంచిన అక్క అంజమ్మ ఎంత బాగుంటుందో! ఆమె చనిపోతుంది. గెయిల్ సిమోన్ జాబితాలో తెలుగు పేజీ పెడితే మొదట ఆమెనే రాయాలి.

ఇదంతా సినిమా గోల కాదు అని మాకు తెలిసింది ఉపాధి హామీ పని దగ్గర. మేం మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనుషులం. మా అమ్మలు వేసవిలో చెరువు పనికి వెళ్తారు. మగవాళ్ళు గునపంతో తవ్వుతారు, ఆడవాళ్ళు తట్టలు మోస్తారు. తవ్వేది బలం అంటారు, మోసేది సాయం అంటారు. తట్ట ఎత్తి చూడండి, ఏది బలమో మెడకి తెలుస్తుంది. కూలి ఇద్దరికీ ఒకటే అని చట్టం చెప్పింది గానీ, మాట మాత్రం మారలేదు. చుట్కీ చేసేది కూడా సాయమే.

2025లో మలయాళం నుంచి 'కొత్త లోక' వచ్చింది. అందులో సూపర్‌హీరో ఆడపిల్ల. గుడిలో అడుగుపెట్టినందుకు రాజు మనుషుల చేతిలో తన వాళ్ళని పోగొట్టుకున్న గిరిజన బాలిక. ఆమెకి బలం ఇచ్చేందుకు ఎవరి ఉంగరమూ అక్కర్లేదు. ఆడదాన్ని హీరోగా పెడితే ఎవరు చూస్తారు అనేవాళ్ళకి జవాబుగా ఆ సినిమా 300 కోట్లు దాటింది. మేం నలుగురం కలిసి వెళ్ళాం. గుడి దగ్గర సీనులో మా వరసలో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకో మన హాస్టల్ పిల్లలకి చెప్పక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి మా పాత చుట్కీని చూడ్డానికి వెళ్ళాం. నర్సీపట్నంలోనే ఉంటోంది. కూతురికి నాలుగేళ్ళు. ఫోన్లో భీమ్ చూస్తోంది. "ఎవరంటే ఇష్టం రా?" అని అడిగితే "భీమ్" అంది. వాళ్ళమ్మ మా వైపు చూసి నవ్వి, "నీ వయసులో వీళ్ళూ అంతే. నాకు మాత్రం ఉండ మిగల్చలేదు" అంది. ఆ మాటకి అందరం నవ్వాం గానీ, టీ చల్లారిపోయింది. ఆమె ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ ఫీజు ఎంతో కనుక్కోమంది. కనుక్కున్నాం, ఫారం కూడా పంపాం.

ఇక అసలు విషయం. ఈ వార్షికోత్సవానికి అయిదు, ఆరు తరగతుల చెల్లెళ్ళు ఛోటా భీమ్ నాటిక వేస్తున్నారని తెలిసి, రాసిన కాగితాలు వాట్సాప్‌లో తెప్పించుకుని చూశాం. భీమ్‌కి ఇరవై ఆరు డైలాగులు. చుట్కీకి మూడు. అందులో రెండు "ఇదిగో భీమ్, లడ్డూ" అనే. ఆ కాగితాలు దిద్ది తిరిగి పంపుతున్నాం. చుట్కీ వేషానికి ఈసారి పంటలు వెయ్యండి, ముందు పండినవాళ్ళకే ఇవ్వండి. వార్డెన్ మేడమ్ గారితో మాట్లాడాం, సరే అన్నారు. ఆ రోజుకి లడ్డూలు మా బ్యాచ్ తరఫున నర్సీపట్నం నుంచే పంపుతాం, నాటికలో వేసే అందరికీ తలా ఒకటి, కామాటి మామ్మకి రెండు.